బొంకు, తొండి, ఒట్టు: రహస్యపాత్రల ఆటలో సత్యధర్మ విచారణ

ప్రవేశిక

ఐదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కార్డు అందుతుంది. దాని మీది పాత్ర ఏమిటో ఎవరికివారే చూసుకొని బోర్లించి పెడతారు. ఆ తరవాత అరగంట సేపు వారిలో ఇద్దరు, మిగిలిన ముగ్గురి ముఖాల్లోకి చూస్తూ, తాము కానిదాన్ని తామని నమ్మిస్తారు. ఆట ముగిశాక కార్డులు తిరగవేసి అందరూ నవ్వుకొంటారు. ఒక్కొక్కసారి ఆ నవ్వు పూర్తిగా రాదు. “నా ముఖం చూస్తూ అంత అబద్ధం ఎలా చెప్పగలిగావు?” అన్న ప్రశ్న మిగిలిపోతుంది. “ఆటలో చెప్పిందే కదా” అన్న సమాధానం విన్నవారిని తృప్తిపరచదు; చెప్పినవారిని కూడా పూర్తిగా తృప్తిపరచదు.

ఈ అసంతృప్తికి కారణం ఏమిటి? ఆటలో పలికిన అసత్యం అసత్యమేనా? అయితే దాన్ని దోషరహితం చేసేది ఏది? కాకపోతే కొన్ని సందర్భాల్లో మనసు నొచ్చుకోవడం ఎందుకు? ఈ ప్రశ్నలను తెలుగు భారత, భాగవతాల్లోని అనృత విచారం వెలుగులోను, తెలుగు పిల్లల ఆటల్లో నిలిచి ఉన్న పదజాలం వెలుగులోను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆట నిర్మాణం

ఈ కోవకు చెందిన ఆటలకు ఆధునిక కాలంలో మూలంగా చెప్పుకొనేది ‘మాఫియా’. దీన్ని 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీ మనస్తత్వశాస్త్ర విభాగానికి చెందిన దిమిత్రి దవిదోవ్ రూపొందించాడు. విషయం తెలిసిన కొద్దిమంది, తెలియని ఎక్కువమంది మధ్య పోటీ ఈ ఆటకు ప్రాణం. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ దీన్ని ‘వేర్‌వుల్ఫ్’ అనే తోడేలు మనుషుల కథగా మార్చాడు. డాన్ ఎస్క్రిడ్జ్ 2009లో ‘ది రెసిస్టెన్స్’ను, 2012లో ఆర్థర్ రాజు కథావరణంతో ‘అవలాన్’ను రూపొందించాడు. ప్రస్తుత చర్చకు అవలాన్ ప్రధాన ఉదాహరణ.

అవలాన్‌ను ఐదుగురి నుంచి పదిమంది దాకా ఆడవచ్చు. ఐదుగురు ఆడితే ముగ్గురు ఆర్థర్ పక్షం, ఇద్దరు దుష్టపక్షం. దుష్టులకు తమవారెవరో తెలుసు, మంచివారికి తెలియదు. నాయకుడు సాహసయాత్రకు ఒక జట్టును ప్రతిపాదిస్తాడు. అందరూ బహిరంగంగా ఓటు వేస్తారు. ఆమోదం పొందిన జట్టు సభ్యులు గెలుపు కార్డో ఓటమి కార్డో రహస్యంగా వేస్తారు. మంచివారు గెలుపు కార్డే వేయాలి; దుష్టులు ఏదైనా వేయవచ్చు. ఐదు యాత్రల్లో మూడు విఫలమైతే దుష్టపక్షం గెలుస్తుంది.

ఈ నిర్మాణంలో నైతికంగా ఆసక్తి కలిగించే పాత్ర మెర్లిన్. మంచిపక్షంలోని ఈ ఒక్కడికే దుష్టులెవరో తెలుసు. అయినా అతడు తెలిసిన సత్యాన్ని సూటిగా చెప్పలేడు. మంచిపక్షం మూడు యాత్రలు గెలిచినా, చివర హంతకపాత్ర మెర్లిన్ ఎవరో గుర్తుపట్టగలిగితే గెలుపు దుష్టులదవుతుంది. అందువల్ల మెర్లిన్ తన జ్ఞానాన్ని దాచుకొంటూనే పంచాలి. అతన్ని కాపాడడానికి తక్కిన మంచివారు తామే మెర్లిన్ అన్నట్లు నటిస్తారు. ఈ ఆటలో బొంకు దుష్టుల ఆయుధం మాత్రమే కాదు. సత్పక్షం కూడా దాని మీద ఆధారపడుతుంది. “చెడ్డ పాత్ర వచ్చింది కాబట్టి అబద్ధమాడాను” అన్న సమర్థన ఇక్కడ చాలదు.

తెలుగువారికి ఈ క్రీడాసూత్రం కొత్తది కాదు. ‘రాముడు-సీత’ చీటీల ఆటలో రాముడి చీటీ వచ్చినవారు తమను వెల్లడించుకొని, మిగిలిన ముఖాలను చూసి సీత ఎవరో చెప్పాలి. తప్పు చెబితే నష్టపోతారు. సీత చీటీ వచ్చినవారు ముఖంలో ఏమీ కనబడనీయరు. లక్ష్మణుడి చీటీ వచ్చినవారు సీతలా తలవంచి రాముణ్ణి తికమకపెడతారు. చీటీల మీది పేర్లు, మార్కులు ప్రాంతాన్ని బట్టి మారినా సూత్రం ఒకటే. అవలాన్ దీనికి వాదోపవాదాలను, ఓటును, జట్టునిర్మాణాన్ని జోడించింది. చీటీల ఆటలో మౌనంతో చేసే పనిని అవలాన్‌లో మాటతో చేయాలి. నైతిక ప్రశ్న మొదలయ్యేది ఈ తేడా దగ్గరే.

అనృత మినహాయింపులు: నర్మం స్థానం

అసత్యం దోషం కాని సందర్భాలను భారతీయ వాఙ్మయం జాబితాగా చెప్పింది. వ్యాసభారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతిని ఒప్పించేటప్పుడు ఐదు అనృతాలు పాతకాలు కావంటుంది. పరిహాసంలో, స్త్రీల విషయంలో, వివాహ సమయంలో, ప్రాణాపాయంలో, సర్వధనం పోయే వేళలో ఆడిన మాటలు అవి. సంస్కృత భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చేసిన ఉపదేశంలోనూ పరిహాసవాచకమైన ‘నర్మ’ శబ్దం కనబడుతుంది.

తెలుగు అనువాదాల్లో ఈ జాబితా ఎలా మారిందన్నది గమనార్హం. నన్నయ ఆదిపర్వ పద్యంలో ప్రాణాపాయం, సర్వధనాపహరణం, స్త్రీసంగమం, వివాహం నిలిచాయి. పరిహాసం స్థానంలో చంపబడబోతున్న విప్రుని రక్షణ చేరింది. పోతన వామనచరిత్ర పద్యంలో స్త్రీలు, వివాహం, ప్రాణ విత్త మానాల భంగం, భయపడిన గోవుల, బ్రాహ్మణుల రక్షణ ఉన్నాయి. అక్కడా పరిహాసానికి ప్రత్యేక స్థానం లేదు. తెలుగునాట ఎక్కువగా కంఠస్థమైన రెండు పద్యాల్లోనూ నర్మం లోపించింది. దీన్ని నిషేధంగా అర్థం చేసుకోకూడదు. అనువాదంలో సంక్షేపానికీ ఛందస్సుకూ ఉన్న ఒత్తిడిని విస్మరించకూడదు. కానీ ఫలితం మాత్రం స్పష్టం: ఈ రెండు పద్యాలను ఆధారం చేసుకొన్న పాఠకునికి ఆటలోని అసత్యానికి సిద్ధమైన మినహాయింపు దొరకదు.

మూలంలోని నర్మాన్ని తిరిగి తెచ్చుకొన్నా సమస్య తీరదు. పరిహాసపు మాట తనను తాను వెంటనే బయటపెట్టుకొంటుంది. చెప్పేవాడి స్వరం, చూపు అది నిజం కాదని తెలుపుతాయి. క్రైస్తవ చింతకుడు అగస్టీన్ సుమారు క్రీ.శ. 395లో అసత్యంపై రాసిన లాటిన్ గ్రంథంలో పరిహాసాన్ని అబద్ధాల లెక్కలోంచి తీసివేసింది ఈ కారణంతోనే. అవలాన్‌లో దుష్టపక్షపు ఆటగాడు “నేను ఆర్థర్ మనిషిని” అన్నప్పుడు అతని స్వరం ఏమీ బయటపెట్టదు. బయటపెడితే అతడు ఓడిపోయినట్లే. ఎదుటివారు నమ్మాలన్నదే అతని సంకల్పం. కనుక ఆటలోని బొంకు నర్మం కాదు. దానికి మరొక ఆధారం కావాలి.

సమయం: ఆట సత్యానికి ఆధారం

ఆ ఆధారం ‘సమయం’ అన్న భావనలో దొరుకుతుంది. కాలవాచకంగా వాడుకలో ఉన్న ఈ మాటకు కావ్యభాషలో ఒడంబడిక, కట్టుబాటు అన్న అర్థాలున్నాయి. అనుద్యూతంలో ఓడిన పాండవులు పన్నెండేళ్లు అరణ్యంలో, పదమూడో ఏడు అజ్ఞాతంగా గడపాలి. అజ్ఞాతవాసంలో గుర్తింపబడితే మళ్లీ పన్నెండేళ్లు వనవాసం చేయాలి. ఉభయపక్షాలు అంగీకరించిన ఈ నియమమే సమయం. విరాటపర్వంలోని ఒక ఉపపర్వానికి ‘సమయపాలనం’ అన్న పేరుంది. కంకుడు, వలలుడు, బృహన్నల, సైరంధ్రి వంటి మారు పేర్లతో పాండవులు, ద్రౌపది చేసిన గోపనాన్ని సంప్రదాయం సత్యభంగంగా కాక సమయపాలనంగా పేర్కొన్నది. కౌరవులు వెదకాలి, పాండవులు దాగాలి. ఇద్దరికీ ఆ సంగతి ముందే తెలుసు. దుర్యోధనుడి చారులు పాండవులను గుర్తించలేకపోతే అది మోసం కాదు. పందెంలో ఒక భాగం.

రెసిస్టెన్స్, అవలాన్‌లలోని కట్టుబాటు కూడా ఇటువంటిదే. ఆటగాళ్లు తమ గురించి ఎప్పుడు ఏమైనా చెప్పుకోవచ్చు. కార్డు మాత్రం ఎవరికీ చూపకూడదు. ఈ నియమం మాటను ప్రమాణస్థానం నుంచి దించివేస్తుంది. లోకవ్యవహారంలో “నేను ఫలానా” అన్న వాక్యం వెనుక “నమ్ము, పూచీ నాది” అన్న మాట ధ్వనిగా ఉంటుంది. ఆటలో అందరూ కలిసి ఆ పూచీని ముందుగానే ఉపసంహరించుకొంటారు. వాక్యం మిగులుతుంది, పూచీ మిగలదు. ఈ దృష్టితో చూస్తే ఆటలో సత్యం విడివిడి వాక్యాల్లో ఉండదు. వాక్యాలన్నిటికీ ముందు జరిగిన ఒడంబడికలో ఉంటుంది.

బొంకు, తొండి, ఒట్టు

తెలుగు పిల్లలు ఈ భేదాన్ని సిద్ధాంతం లేకుండానే పాటిస్తారు. నిజం కానిదాన్ని వారు ‘ఉత్తుత్తి’ అంటారు. జరిగినదాన్ని రద్దు చేయడానికి ‘తూచ్’ అంటారు. నియమం తప్పినవాణ్ణి ‘తొండి’ ఆడాడంటారు. రాముడు-సీత ఆటలో సీత కానివారు సీతలా నటిస్తే ఎవరూ తొండి అనరు. పక్కవారి చీటీ దొంగచాటుగా చూస్తే తొండి అంటారు. నమ్మించే ప్రయత్నం ఆటకు లోపలిది, తొండి ఆటకు విరుద్ధమైనది. డచ్ చరిత్రకారుడు యోహన్ హౌజింగా 1938లో వెలువడిన ‘హోమో లుడెన్స్’లో మోసగాణ్ణి, ఆటను చెడగొట్టేవాణ్ణి వేరు చేశాడు. మోసగాడు ఆట వలయాన్ని గౌరవిస్తున్నట్లు నటిస్తాడు. చెడగొట్టేవాడు ఆ వలయాన్నే పగలగొడతాడు. తెలుగు పదజాలం ఈ రెండింటికీ తోడు మూడోదాన్ని కూడా చూపగలదు. అది ‘ఒట్టు’.

అవలాన్ వాదోపవాదాల్లో చిక్కుపడిన ఆటగాడు ఒక్కోసారి “మా అమ్మ మీద ఒట్టు, నేను దుష్టపక్షం కాను” అంటాడు. అవలాన్ నియమాల్లో దీనికి నిషేధం లేదు, కనుక ఇది తొండి కాదు. మాట మాత్రమే కాబట్టి సాధారణమైన బొంకుగా లెక్కించవచ్చునా? లెక్కించరాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఒట్టు ఆటకు బయట ఉన్నదాన్ని లోపలికి లాక్కొని వస్తుంది. తల్లి మీది ప్రేమ, పదేళ్ల స్నేహం, ఇద్దరి మధ్య ఎప్పుడో పంచుకొన్న రహస్యం ఆటలో పందెం కాలేదు. ఆట ఉపసంహరించిన పూచీని ఒట్టు మళ్లీ వాక్యం వెనుక నిలబెడుతుంది. వినేవాడు ఇక ఆటగాడి మాటగా వినడు. మిత్రుడి మాటగా వింటాడు. “ఒట్టు తీసి గట్టున పెట్టు” అన్న నానుడిలో ఒట్టు దానంతటది పోదన్న ఎరుక ఉంది. పెట్టినవారే దాన్ని తీయాలి. ఆట ముగిసినంత మాత్రాన ఒట్టు ముగియదు. ఆట తరవాత మిగిలే నొప్పికి మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

భారతకథలో మూడు సందర్భాలు

ఈ మూడు భావనలకు భారతకథలో మూడు సందర్భాలను పోల్చి చూడవచ్చు. సభాపర్వంలో శకుని ఆడినది కపటద్యూతం, అది తొండి. విరాటపర్వంలోని అజ్ఞాతవాసం కౌరవుల వరకు సమయబద్ధమైన గోపనం. మూడోది ద్రోణపర్వంలోని అశ్వత్థామ వృత్తాంతం.

భీముడు అశ్వత్థామ అనే పేరున్న ఏనుగును చంపి, అశ్వత్థామ హతుడయ్యాడని ద్రోణుడు వినేలా చాటాడు. ద్రోణుడు పూర్తిగా నమ్మలేదు. అదే సంగతిని ధర్మరాజును అడిగాడు. ధర్మరాజు అశ్వత్థామ మరణాన్ని వినబడేలా, ఏనుగన్న మాటను వినబడకుండా చెప్పాడు. ద్రోణుడు ఆయుధం వదిలాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం నేలను తాకింది.

ఇద్దరు చెప్పిన సమాచారం ఒక్కటే. భీముడి మాట యుద్ధభూమిలో శత్రువు మాట. దాన్ని అనుమానించే అవకాశం ద్రోణునికి ఉంది, అతడు అనుమానించాడు కూడా. ధర్మరాజు మాటను అతడు శత్రువు మాటగా వినలేదు. జీవితకాలపు సత్యవ్రతం మీద ఉంచిన నమ్మకంతో విన్నాడు. యుద్ధానికి బయట సంపాదించిన ఆ నమ్మకాన్ని ధర్మరాజు యుద్ధంలో ఖర్చుపెట్టాడు. భీముడి కేకకు ఏ రథమూ దిగలేదని గమనిస్తే, కథ శిక్షించినది అసత్యాన్ని మాత్రమే కాదని, విశ్వాసాన్ని పెట్టుబడిగా వాడుకోవడాన్నని చెప్పవచ్చు. యుద్ధం ఆట కాదు. అక్కడ ఫలితం ప్రాణహాని. అయినా పూచీ లేని మాటకు, పూచీ ఉన్న మాటకు మధ్య భేదం ఆ కథలో ఎంత స్పష్టమో బల్ల చుట్టూ జరిగే ఆటలోనూ అంతే స్పష్టం.

సమయం వెలుపలివారు

సమయం అన్న ఆధారానికి ఒక హద్దు ఉంది. అది అంగీకరించినవారినే కట్టివేస్తుంది. అజ్ఞాతవాస నియమం పాండవ కౌరవుల మధ్యది. విరాటుడు దానిలో భాగస్వామి కాదు. అతడు తన కొలువులో ఎవరిని పెట్టుకొన్నాడో తెలియకుండానే ఏడాది గడిపాడు. మూలభారతంలో కంకుడు తాను పూర్వం యుధిష్ఠిరుని సఖుడినని చెప్పుకొంటాడు. ఆ మాటలో అక్షరసత్యం వెదకవచ్చు గాని, విరాటునికి అందినది సత్యం కాదు. ఉత్తరుని విజయాన్ని కంకుడు బృహన్నలకు ఆపాదించినప్పుడు విరాటుడు కోపించి పాచికతో అతని ముఖం మీద కొట్టాడు. ఆ క్షణాన కంకుడు చెప్పినది నిజమే. దాచిన పాత్ర కారణంగా ఆ నిజాన్ని అర్థం చేసుకొనే దారి విరాటునికి లేకపోయింది. తెలిసి చేయని తప్పుకు చివరికి అతడే నొచ్చుకోవలసి వచ్చింది.

ద్రౌపది స్థితి ఇంకా కఠినం. జూదంలో ఆమె అంగీకారం ఎవరూ అడగలేదు. తనను తాను ఓడినవాడికి తనను ఒడ్డే అధికారం ఉందా అని సభలో ఆమె వేసిన ప్రశ్న అంగీకారం గురించిన ప్రశ్నే. విరాటుని కొలువులో కీచకుడు ఆమెను తన్నినప్పుడు భర్తలు ఎదుటే ఉండి కదలలేకపోయారు. భీముని ఆవేశాన్ని ధర్మరాజు అణచివేసింది సమయం కాపాడడానికే. ఒకరు ఒప్పుకొన్న నియమానికి మూల్యం మరొకరు చెల్లించారు. సమయపాలనాన్ని ఎంత గౌరవించినా ఈ సన్నివేశం దాని లెక్కలో చేరని బాధను చూపుతుంది.

రహస్యపాత్రల ఆటలోనూ ఇటువంటివారు ఉంటారు. నియమాలు పూర్తిగా తెలియకుండా కూర్చోబెట్టిన కొత్తవారు, ‘ఆడను’ అంటే వెలి అవుతామన్న భయంతో ఒప్పుకొన్నవారు, పెద్దల మాటను ఆటగా వినడం ఇంకా అలవాటు కాని చిన్నపిల్లలు పేరుకు ఆటగాళ్లే గాని సమయంలో భాగస్వాములు కారు. వీరి పట్ల పలికిన బొంకుకు సమయం రక్షణ ఇవ్వదు.

ఒక ఆక్షేపణ

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అంగీకారం ఉన్నా, తడబడకుండా అబద్ధమాడడం అభ్యాసమవుతుంది, అభ్యాసం స్వభావమవుతుంది. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. అయితే ఆటలోని బొంకుకు లోకంలోని అబద్ధానికి లేని ఒక లక్షణం ఉంది. అది వెల్లడి. ఆట ముగిశాక కార్డులు తిరగబడతాయి. ఎవరు ఎక్కడ ఏమి దాచారో అందరి ఎదుట తేలుతుంది. అబద్ధమాడినవాడే ఎలా నమ్మించాడో వివరిస్తాడు. అజ్ఞాతవాసం కూడా విరాటుని కొలువులో పాండవులు తమను ప్రకటించుకోవడంతోనే పూర్తయింది. ద్రోణుడికి మాత్రం ఏనుగు సంగతి తెలిసే అవకాశం దక్కలేదు. లోకంలో అబద్ధమాడేవాడు వెల్లడి జరగకూడదని కోరుకొంటాడు. ఆటగాడు వెల్లడి కోసమే ఎదురుచూస్తాడు. ఈ ఒప్పుకోలు ఉన్నంతవరకు ఆట అసత్యాన్ని అలవాటు చేయడంతోపాటు దాన్ని బయటపెట్టడాన్ని కూడా అలవాటు చేస్తుంది. వెల్లడి సైతం అన్నిటినీ మాన్పదు. ఒట్టు పెట్టి నమ్మించినవాడు కార్డు తిరగవేసి చూపినప్పుడు బయటపడేది పాత్ర ఒక్కటే కాదు. స్నేహాన్ని వాడుకొన్న తీరు కూడా.

ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. ఆటలోని బొంకు పరిహాసం కాదు. నర్మానికిచ్చిన మినహాయింపు దానికి వర్తించదు. దాన్ని దోషరహితం చేసేది సమయం. ఆ సమయం తెలిసి, స్వేచ్ఛగా అంగీకరించినవారి మధ్యనే చెల్లుతుంది. అది మాటలకు పూచీని రద్దు చేస్తుంది గాని, ఆటకు బయటి విశ్వాసాన్ని వాడుకొనే హక్కు ఇవ్వదు. తొండి ఆటకు చేసే ద్రోహం, ఒట్టును దుర్వినియోగం చేయడం మనిషికి చేసే ద్రోహం.

పోతన వామనచరిత్రలో వచ్చినవాడు వటువు కాడని, విష్ణువని శుక్రుడు పసిగట్టాడు. మాట తప్పడానికి దారి కూడా చూపాడు. దాచిన పాత్ర బయటపడినా బలి తాను ఇచ్చిన మాట వదలలేదు. ఎదుటివాడు వేషంలో ఉన్నా తన మాట వెనుక పూచీ తనదేనని అతడు ఎరుగును. “ఎలా చెప్పగలిగావు?” అని అడిగిన మిత్రుడు తెలుసుకోదలచినదీ ఇదే: ఆ మాట చెప్పినది పాత్రా, మిత్రుడా అని. చెప్పినది పాత్ర అయితే ఆట జవాబుగా చాలుతుంది. మిత్రుడే అయితే చాలదు. తెలుగు పిల్లల ఆటల్లోని ఉత్తుత్తి, తూచ్, తొండి, ఒట్టు వంటి మాటలను ప్రాంతాలవారీగా సేకరించి నీతిశాస్త్ర దృష్టితో అధ్యయనం చేస్తే ఈ భేదం మరింత స్పష్టమవుతుంది.